మేలూ కీడూ ఒకే త్రాసులో తూగుతాయా? ఆధునిక విజ్ఞానం, ప్రభుత్వ విధానాలపై చర్చ

తార్నాక మాస్టారు (చర్చ ప్రారంభం)

మిత్రులకు నమస్కారం.

విజ్ఞానం వరమా, శాపమా అన్న ప్రశ్నను బడిలో వక్తృత్వ పోటీల నాటి నుంచి వింటున్నాము. ఒకరు పెనిసిలిన్ పేరు చెబుతారు, ఇంకొకరు హిరోషిమా పేరు చెబుతారు, అంతా మనిషి వాడుకలోనే ఉందని తేల్చి న్యాయనిర్ణేత బహుమతులు పంచుతారు. ఆ చర్చను ఇక్కడ తిరగదోడాలని నాకు లేదు. నన్ను చాలాకాలంగా వేధిస్తున్న ప్రశ్న వేరు. ఒక మందు గానీ, ఒక శస్త్రచికిత్స గానీ, ఒక ప్రభుత్వ పథకం గానీ పదిమందికి మేలు చేసి ఇద్దరికి కీడు చేసినప్పుడు, పదిలోంచి రెండు తీసివేసి ఎనిమిది మిగిలిందని సంతోషించే హక్కు మనకు ఎక్కడిది? మేలు పొందినవారూ కీడు మోసినవారూ ఒకరే అయినప్పుడు ఆ తీసివేత చెల్లుతుంది. వేరువేరు మనుషులైనప్పుడు మాత్రం అది ఒకరు తిన్నదానికి మరొకరి పేరిట పద్దు రాసినట్టు అవుతుంది.

మన ఊరి ఉదాహరణతోనే మొదలుపెడతాను. 1960లలో సోవియట్ సహకారంతో బాలానగర్‌లో ఐడీపీఎల్ అనే ప్రభుత్వ మందుల కర్మాగారం వచ్చింది. 1970 నాటి పేటెంట్ల చట్టం మందుకు పేటెంటు ఇవ్వకుండా, దాన్ని తయారుచేసే పద్ధతికి మాత్రమే పరిమితం చేసింది. ఐడీపీఎల్‌లో పని నేర్చుకున్నవారు బయటికి వచ్చి సొంత కంపెనీలు పెట్టారు. ఇవన్నీ కలిసి హైదరాబాదును బల్క్ డ్రగ్ (మందుల తయారీకి వాడే మూల రసాయనాలు) పరిశ్రమకు కేంద్రంగా నిలబెట్టాయి. 1997లో ఇక్కడే తయారై మార్కెట్లోకి వచ్చిన హెపటైటిస్-బి టీకా, అప్పటిదాకా దిగుమతి టీకాకు ఉన్న ధరను ఎన్నో రెట్లు దించింది. ఆ మేలు నాకూ మీకూ, మనం ఎన్నడూ చూడని దేశాల్లోని పేదలకూ అందింది. వ్యర్థాలు మాత్రం పటాన్‌చెరు, బొల్లారం చుట్టుపక్కల వాగుల్లోకీ బోర్లలోకీ దిగాయి. అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వదిలే నీటిని స్వీడన్ పరిశోధకులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉంది. ఆ నీటితో ఒక్కరోజులో కొట్టుకుపోయే సిప్రో దాదాపు 45 కిలోలని, అది స్వీడన్ దేశమంతా అయిదు రోజుల్లో వాడే మందుకు సమానమని వారు లెక్కగట్టారు.

ఈ మేలును ఆ కీడుతో ఏ త్రాసులో తూచాలో సభ్యులు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

పటాన్‌చెరు కెమిస్టు

మాస్టారూ, నేను ఇదే పరిశ్రమలో నాణ్యతా విభాగంలో పనిచేస్తున్నాను. కాబట్టి నా మాటల్లో పక్షపాతం ఉంటుందని ముందే అనుకుని చదవండి.

మీరు చెప్పిన అంకెలు నిజమైనవే. అయితే ఆ నీటిలో సిప్రో ఎంత ఉందో తేల్చి చెప్పింది కూడా విజ్ఞానమే కదా. నీటిలోని పదార్థాలను కొలిచే మాస్ స్పెక్ట్రోమీటరు లేకపోతే ఆ వాగు నీళ్ళు రంగు మారాయని, కంపు కొడుతున్నాయని మాత్రమే మనకు తెలిసేది. రెండవది, ఆ తరువాత చాలా కంపెనీలు వ్యర్థజలాన్ని ఆవిరి చేసి, నీటిని తిరిగి వాడుకుని, మిగిలిన ఉప్పును వేరుగా తరలించే ఏర్పాట్లు పెట్టుకున్నాయి. అందుకు బాయిలర్ నడపాలి, బొగ్గో గ్యాసో కాల్చాలి, ఆ ఖర్చు మందు ధరలో చేరాలి. విదేశీ కొనుగోలుదారు మందు స్వచ్ఛత గురించి వంద కాగితాలు అడుగుతాడు, ఫ్యాక్టరీ వెనక గోడ అవతల ఏముందో చూడడానికి వచ్చేవారు తక్కువ. కిలోకు పది రూపాయలు ఎక్కువ చెబితే మరో దేశానికి పోతాడు.

దోషం విజ్ఞానానిది కాదు, నియంత్రణది అని మా ఆఫీసులో అందరం అంటూ ఉంటాము. ఆ మాటలో కొంత నిజం ఉంది. మందుల పరిశ్రమ వ్యర్థజలంలో యాంటీబయాటిక్ అవశేషాలు ఎంతకు మించరాదో కేంద్ర పర్యావరణ శాఖ 2020 జనవరిలో ముసాయిదాలో పెట్టింది. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ పరిమితులు అందులో లేవు. కొలిచే పరికరం మా దగ్గర ఉంది, కొలవవలసిన హద్దు మాత్రం చట్టంలో లేదు.

నక్కవాగు ఒడ్డు

పై సభ్యుడు మర్యాదగానే రాశారు గనుక నేనూ మర్యాదగానే రాస్తాను. మాది ఆ వాగు పక్క ఊరే. నియంత్రణ లోపం అన్న మాటను మా తండ్రి తరం నుంచి వింటున్నాము. ఈ కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడింది, అటుపై హైకోర్టుకు వెళ్ళింది, ఆ తరువాత హరిత ట్రిబ్యునల్‌కు వెళ్ళింది. కేసు ఒక కోర్టు నుంచి మరో కోర్టుకు తిరిగేలోగా మా పొలాలు ప్లాట్లు అయిపోయాయి.

వాగు నీళ్ళు పారించిన మడిలో వరి ఎదిగేది గానీ గింజ పట్టేది కాదు. పొలం దిగిన ఆడవాళ్ళకు కాళ్ళ మీద దద్దుర్లు లేచేవి. గేదెలు వాగు దాకా వెళ్ళి, మూతి పెట్టి వాసన చూసి వెనక్కి తిరిగి వచ్చేవి. పటాన్‌చెరు సంతలో మా ఊరి కూరగాయలని తెలిస్తే కొనేవారు చేతిలోకి తీసుకున్న వంకాయను మళ్ళీ గంపలో పెట్టేవారు. ఈ నష్టానికి ఏ సర్వేలోనూ గడి లేదు.

పరిష్కారం పేరుతో జరిగినది ఏమిటో కూడా చెప్పాలి. శుద్ధి కేంద్రం నీటిని వాగులో వదలకుండా పైపులైను వేసి అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రానికి పంపారు. అక్కడి నుంచి అది మూసీలోకే చేరుతుంది. ఆ మూసీ నీటితోనే ఉప్పల్, పీర్జాదిగూడ వైపు పచ్చగడ్డి పెంచి నగరంలోని డెయిరీలకు అమ్ముతారు. మా కీడు మాయం కాలేదు, ముప్పై కిలోమీటర్లు కిందికి జరిగింది. మీ ఇంటికి వచ్చే పాలు ఏ గడ్డి తిన్న గేదెవో ఒకసారి కనుక్కోండి.

గణాంకం

ఒక చిన్న సవరణ. పాలలో ఏమి చేరిందో కొలిచిన లెక్క చూపకుండా చివరి వాక్యం రాయకూడదు. అది భయం పుట్టిస్తుందే గానీ ఆధారం కాదు. గడ్డి మాట వాస్తవమే.

లేబర్‌రూం సిస్టర్

మాస్టారికీ మిగిలిన సభ్యులకూ నమస్కారం. ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా చేరి, హెడ్ నర్సుగా పదవీ విరమణ చేశాను. మేలు పొందినవారూ కీడు మోసినవారూ ఒకరే అయితే తీసివేత చెల్లుతుందని మాస్టారు రాశారు. నాకు అక్కడే సందేహం కలిగింది. ఒకే తల్లి, ఒకే ఆపరేషన్, అందులో మేలూ ఉంది, కీడూ ఉంది. అయినా లెక్క తేలదు.

నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో బిడ్డ అడ్డం తిరిగి, ముందు చెయ్యి బయటికి వచ్చిన స్థితిలో తల్లులను తెచ్చేవారు. గర్భసంచి చిరిగి నెత్తురంతా కడుపులోకి పోయిన వారిని తెచ్చేవారు. సిజేరియన్ అందుబాటులో లేని చోట ఆ తల్లి చనిపోయేది, అంతే. గర్భం, ప్రసవం వల్ల మరణించే తల్లులు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011–13 నాటికి లక్ష సజీవ జననాలకు 92 మంది. తెలంగాణలో 2018–20 నాటికి 43 మంది. ఈ తగ్గుదలలో ఆపరేషన్ థియేటర్ల పాత్ర పెద్దది. దీన్ని తక్కువ చేసి మాట్లాడేవారు ఆ చిరిగిన గర్భసంచిని చూసి ఉండరు.

ఇప్పుడు రెండో వైపు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లే, దేశంలోకెల్లా ఎక్కువ. దేశ సగటు 21.5. మన రాష్ట్రంలో ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5. సిజేరియన్లు జనాభాలో పది శాతం దాటిన తరువాత ఇంకా పెంచినందువల్ల తల్లీబిడ్డల మరణాలు తగ్గిన దాఖలా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ప్రకటించింది. కేరళలో సిజేరియన్లు 38.9 శాతం, తల్లుల మరణాలు లక్షకు 19. మనకంటే తక్కువ కోతలతో వారు మనకంటే ఎక్కువ మంది తల్లులను కాపాడుకుంటున్నారు.

దీనికి డాక్టర్ల ఆశ ఒక్కటే కారణమని పత్రికల్లో రాస్తారు. నేను చూసిన కారణం ఇంకొకటి ఉంది. కాన్పులన్నీ ఆసుపత్రుల్లోనే జరగాలన్నది మంచి విధానం. 2017లో కేసీఆర్ కిట్ పథకం వచ్చింది. ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు అయితే మగబిడ్డకు 12,000, ఆడబిడ్డకు 13,000 రూపాయలు విడతలుగా ఇచ్చారు. తల్లులు నిజంగానే వచ్చారు. లేబర్ రూంలో మంచాలు పెరిగినంతగా చేతులు పెరగలేదు. తొలి కాన్పు నొప్పులు పన్నెండు, పద్నాలుగు గంటలు పడతాయి. అంతసేపూ ఒకరు పక్కన ఉండి బిడ్డ గుండె చప్పుడు వింటూ, నాలుగు గంటలకొకసారి లోపలి పరీక్ష చేస్తూ, కాన్పు ఎంతవరకు సాగిందో చూపే పార్టోగ్రాఫ్ కాగితం మీద గీత గీస్తూ ఉండాలి. ఇద్దరు సిస్టర్లకు డజను మంది తల్లులుంటే ఆ కాగితం కాన్పు అయిన తరువాత కూర్చుని నింపేదే అవుతుంది. ఆపరేషన్ మాత్రం ముప్పావు గంటలో ముగుస్తుంది. తెల్లవారుజామున మూడు గంటలకు డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ ఏది ఎంచుకుంటుందో మీరే చెప్పండి.

ఇక ముహూర్తాల సంగతి. పంచాంగం చూసే వారు రాసిచ్చిన చీటీని అత్తగారు కొంగున ముడివేసుకుని వచ్చేది. ఉదయం 11 గంటల 42 నిమిషాలకు మొదలై 12 గంటల 6 నిమిషాలకు ముగిసే లగ్నం. థియేటర్ ఖాళీ ఉందా, మత్తు డాక్టరు వచ్చాడా, బిడ్డకు ముప్పై తొమ్మిది వారాలు నిండాయా అన్న ప్రశ్నలేవీ ఆ చీటీలో ఉండవు. ముప్పై ఏడో వారంలో కోసి తీసిన బిడ్డ శ్వాస ఆడక ఎగబోస్తూ అద్దాల గదికి పోతే, గ్రహబలం గురించి అడిగే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు.

మలక్‌పేట అమ్మ

సిస్టర్ గారూ, మీరు రాసిన చాలా మాటలతో ఏకీభవిస్తున్నాను. ముహూర్తాల మాట వచ్చినప్పుడల్లా నవ్వులపాలయ్యేది ఆడవాళ్ళే గనుక ఒక మాట చెప్పాలి. నా రెండు కాన్పుల్లోనూ ముహూర్తం ఎవరూ పెట్టలేదు. తొలిచూలు నాడు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్కానింగ్ కాగితం చూసి, ఉమ్మనీరు తగ్గిందని, పేగు మెడకు చుట్టుకుందని చెప్పారు. ఆగితే బిడ్డకు ప్రమాదమని చెప్పి మా ఆయన చేత సంతకం పెట్టించారు. ఆగితే ఎంత ప్రమాదం, కోస్తే ఎంత ప్రమాదం అని అడగడానికి మాకు ఇచ్చిన సమయం, కలం మూత తీసేంత సేపు మాత్రమే. రెండోసారి అడిగే పనే లేకపోయింది, మొదటిది ఆపరేషన్ గనుక ఇదీ ఆపరేషనే అన్నారు.

మరొకటి కూడా నిజాయితీగా రాస్తాను. నేను సాధారణ కాన్పు కోసం పట్టుబట్టకపోవడానికి కారణం భయం. నొప్పి భయం సగమే. ప్రభుత్వ లేబర్ రూంలో కాన్పు అయిన మా అక్క, నొప్పులకు అరిచినందుకు తొడ మీద దెబ్బ తిన్నది, వినకూడని మాటలు విన్నది. ప్రైవేటులో డబ్బు కట్టి మేము కొనుక్కున్నది ఆ మాటలు పడకుండా ఉండే సౌకర్యం. దీన్ని ఏ పద్దులో రాయాలో మాస్టారే చెప్పాలి.

లేబర్‌రూం సిస్టర్

అమ్మా, మీ అక్కగారికి జరిగింది జరగదని నేను అనను. అలాంటి గదుల్లోనే పనిచేశాను. ఓపిక చచ్చిపోయిన మనుషుల చేత కాన్పులు చేయిస్తే అలాగే ఉంటుంది. ప్రత్యేకంగా శిక్షణ పొందిన మిడ్‌వైఫ్ నర్సులను పెట్టిన చోట తల్లిని నడవనివ్వడం, వీపు నిమరడం, తోడుగా ఒకరిని ఉండనివ్వడం నా కళ్ళతో చూశాను. అలా పనిచేసేవారి సంఖ్య ఇంకా చాలదు.

నిర్వాహకుడు

సభ్యులకు మనవి. ఆసుపత్రుల పేర్లు, డాక్టర్ల పేర్లు రాయవద్దు. ఇప్పటిదాకా ఎవరూ రాయలేదు, అందుకు కృతజ్ఞతలు.

జొన్నరొట్టె

విధానాల మాట వచ్చింది గనుక బియ్యం గురించి ఎవరూ ఎత్తకపోవడం ఆశ్చర్యంగా ఉంది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక తెలంగాణ పల్లెల్లో జొన్న గటక తినడం పేదరికానికి గుర్తయి, తెల్లన్నం గౌరవమైంది. ఇప్పుడు మన నగరంలో సాయంత్రం అయ్యేసరికి రోడ్డు పక్క పొయ్యి పెట్టుకుని అక్కలు జొన్నరొట్టెలు తడుతుంటే, షుగరు ఉన్నవారు కార్లు ఆపుకుని వరుసలో నిలబడుతున్నారు. ఆకలి తీర్చిన పథకమే చక్కెర వ్యాధి తెచ్చిందని అనవచ్చా?

తార్నాక మాస్టారు

అనవచ్చునేమో గానీ నేను అనను. మా ఇంటికి దగ్గరలోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. అది 1958లో కూనూరు నుంచి ఇక్కడికి వచ్చిన నాటికి దేశం ముందున్న పెద్ద సమస్య పస్తులు, పిల్లల్లో విటమిన్ ఎ లోపంతో వచ్చే అంధత్వం. కడుపు నిండని వాడికి ముందు బియ్యం ఇవ్వడం తప్పు కాదు. పైగా ఆ రోజు అన్నం తిన్నవారూ, ఈరోజు చక్కెర మాత్ర వేసుకుంటున్నవారూ చాలావరకు ఒకే ఇంటివారు. నేను చెప్పిన తీసివేత ఇక్కడ కొంతవరకు చెల్లుతుంది. ఆకలి తీరిన తరువాత కూడా ముప్పై నలభై ఏళ్ళు అదే బియ్యాన్ని అదే పద్ధతిలో ఇస్తూ పోవడమే నాకు అభ్యంతరం. పథకం ప్రారంభించడానికి ఒక సభ చాలు, దాన్ని సవరించడానికి ఎవరికీ తీరిక దొరకదు.

సిస్టర్ గారి అభ్యంతరం మాత్రం నన్ను ఆలోచనలో పడేసింది. దాని మీద గణాంకం గారి మాట వినాలని ఉంది.

గణాంకం

రెండు విషయాలు చెబుతాను. మొదటిది, 60.7 అన్న అంకెలో అవసరమైన ఆపరేషన్లూ, అవసరం లేనివీ కలిసే ఉన్నాయి. వాటిని విడదీయడానికి రాబ్సన్ వర్గీకరణ అని ఒకటి ఉంది. తొలి కాన్పా, ముందు సిజేరియన్ అయిందా, బిడ్డ తల కిందికి ఉందా, నెలలు నిండాయా వంటి ప్రశ్నల మీద తల్లులందరినీ పది వర్గాలుగా విభజిస్తారు. ఏ వర్గంలో కోతలు ఎక్కువగా ఉన్నాయో చూస్తే ఎక్కడ తప్పు జరుగుతోందో బయటపడుతుంది. తొలి కాన్పు, నెలలు నిండి, తల కిందికి ఉండి, నొప్పులు తమంత తాము మొదలైన తల్లుల్లో కోతలు ఎక్కువగా ఉంటే అది వైద్య అవసరం అని చెప్పడం కష్టం.

రెండవది, ఈ సంఖ్యకు సొంత ఊపు ఉంది. మలక్‌పేట అమ్మ గారు రాసినట్టు, మొదటిది ఆపరేషన్ అయితే రెండోది దాదాపు ఖాయమైపోతోంది. ఈరోజు నుంచి తొలి కాన్పుల్లో అనవసరమైన కోతలన్నీ ఆపేసినా, రాష్ట్రం మొత్తం మీద శాతం కిందికి దిగడానికి చాలా ఏళ్ళు పడుతుంది. ఒక ఏడాదిలో తగ్గించి చూపమని జిల్లా అధికారులకు లక్ష్యం పెడితే, నిజంగా అవసరమైన తల్లికి ఆపరేషన్ ఆలస్యమయ్యే ప్రమాదం ఉంది. కీడును తగ్గించే లక్ష్యం కూడా కీడు చేయగలదు.

నల్లకుంట వకీలు

లక్ష్యాల ప్రస్తావన వచ్చింది గనుక నేను ఇందులోకి రావలసి వస్తోంది. మన దేశంలో కుటుంబ నియంత్రణ చరిత్ర అంతా లక్ష్యాల చరిత్రే. అత్యవసర పరిస్థితి కాలంలో 1976–77 సంవత్సరంలో ఎనభై లక్షలకు పైగా కు.ని. (కుటుంబ నియంత్రణ) ఆపరేషన్లు జరిగాయి, అందులో అధిక భాగం మగవారికి. జనం తిరగబడ్డారు, ప్రభుత్వం కూలింది. ఆ తరువాత ఏ ప్రభుత్వమూ మగవాడి జోలికి పోలేదు. భారం మొత్తం ఆడవారి కడుపు మీదికి మారింది. మగవారికి చేసే వేసక్టమీ చిన్న కోత, అదేరోజు ఇంటికి పోవచ్చు, ఆడవారికి చేసే ట్యూబెక్టమీ కంటే సురక్షితం. అయినా 2019–21 నాటి అదే కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఆపరేషన్ చేయించుకున్న స్త్రీలు 61.9 శాతం, పురుషులు రెండు శాతం దరిదాపు. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలు 69.6, పురుషులు ఒక శాతంలో సగం కూడా లేరు.

శిబిరాలు పెట్టి వరుసగా ఆపరేషన్లు చేసే పద్ధతిని మూడేళ్ళలో ఆపివేయాలని సుప్రీంకోర్టు 2016లో దేవికా బిశ్వాస్ కేసులో ఆదేశించింది. 2022 ఆగస్టులో మన నగరం పక్కనే, ఇబ్రహీంపట్నంలో, ఒకేరోజు 34 మందికి ఆపరేషన్లు చేశారు. నలుగురు తల్లులు చనిపోయారు. చిన్న పిల్లలున్న తల్లులు. వారి కుటుంబాలకు పరిహారం ప్రకటించారు. మాస్టారి త్రాసులో ఆ పరిహారం ఏ పళ్ళెంలో పెట్టాలో నాకు తెలియడం లేదు.

చట్టం వైపు కూడా చూడండి. ఉమ్మడి రాష్ట్రపు 1994 పంచాయతీరాజ్ చట్టం, ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులని పెట్టింది. హర్యానాలోని ఇలాంటి నిబంధనను 2003లో జావేద్ కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది. దక్షిణాది జననాల రేటు తగ్గింది. 2019–21 సర్వే నాటికి తెలంగాణలో ఒక స్త్రీకి సగటున 1.8 మంది పిల్లలు, ఆంధ్రలో 1.7. జనాభా నిలకడకు కావలసిన 2.1 కంటే తక్కువ. చెప్పినట్టు విన్నందుకు ఇప్పుడు జనాభాను బట్టి పంచే లోక్‌సభ స్థానాల్లో వాటా తగ్గుతుందేమోనన్న భయం పట్టుకుంది. 1976లో 42వ రాజ్యాంగ సవరణతో స్తంభింపజేసిన స్థానాల పంపిణీని 84వ సవరణ 2026 తరువాతి జనగణన దాకా పొడిగించింది, ఆ గడువు దగ్గరపడింది. 2024లో ఆంధ్రప్రదేశ్ ఆ ఇద్దరు పిల్లల నిబంధనను ఎత్తివేసింది, ఎక్కువ మందిని కనండని నాయకులు సభల్లో చెబుతున్నారు. ముప్పై ఏళ్ళు వద్దన్న నోటితోనే ఇప్పుడు కనమంటున్నారు. రెండు సార్లూ కడుపు మాత్రం ఆమెదే.

పటాన్‌చెరు కెమిస్టు

వకీలు గారూ, జననాల రేటు తగ్గడానికి ఆ చట్టమే కారణమని అనలేము. పంచాయతీకి పోటీ చేసేవారు ఊరికి ఎంతమంది? ఆడపిల్లల చదువు, బతికే పిల్లల సంఖ్య పెరగడం, పట్నం వలస, ఇవి పెద్ద కారణాలు.

నల్లకుంట వకీలు

అంగీకరిస్తాను. చట్టం చేసిన మేలు చాలా తక్కువ. కీడు మాత్రం కొలవవచ్చు: సర్పంచి పదవి కోసం మూడో బిడ్డను దత్తత ఇచ్చామని చూపిన కేసులు, పుట్టిన తేదీ మార్చిన కేసులు వివిధ రాష్ట్రాల కోర్టు తీర్పుల్లో కనిపిస్తాయి.

లేబర్‌రూం సిస్టర్

వకీలు గారు రాసినది చదివాక నేను చెప్పదలచుకున్నది స్పష్టమైంది. సిజేరియన్ల సంఖ్యా, కు.ని. ఆపరేషన్ల సంఖ్యా వేరువేరు విషయాలుగా మనం మాట్లాడుకుంటున్నాము. ఆపరేషన్ బల్ల మీద అవి రెండూ ఒకటే. రెండో సిజేరియన్ జరుగుతుండగానే కడుపు తెరిచి ఉంది గనుక ట్యూబులు కూడా ముడివేస్తారు. మన దగ్గర ఇది ఆనవాయితీ.

దీని వల్ల జరిగినది ఏమిటంటే, సిజేరియన్ తాలూకు అసలు కీడు మనకు కనిపించకుండా పోయింది. కోత పడిన గర్భసంచికి తరువాతి గర్భంలో మాయ అంటుకుపోయే ప్రమాదం ఉంది. కోత కోతకూ అది పెరుగుతుంది. 2006లో అమెరికాలో దాదాపు ముప్పై వేల మంది తల్లుల మీద వెలువడిన అధ్యయనంలో, మాయ కిందికి దిగి ఉన్నవారిలో మొదటి సిజేరియన్ నాడు అలా అంటుకుపోయినవి నూటికి మూడు, రెండో దానికి పదకొండు, మూడో దానికి నలభై. అంటుకున్న మాయను లాగితే రక్తం ఆగదు. చాలాసార్లు గర్భసంచి తీసివేస్తేనే తల్లి దక్కుతుంది. మన తల్లులు రెండో కాన్పుతో ఆపేశారు గనుక ఆ మూడో వరుస దాకా రాలేదు. ఒక విధానం మరో విధానపు కీడును దాచిపెట్టింది.

ఇప్పుడు మూడో బిడ్డకు ప్రోత్సాహకం ఇస్తామంటే, ఎవరికి ఇస్తున్నారో తెలుసుకుని ఇవ్వాలి. ఇప్పటికే రెండు కోతలు పడ్డ తల్లికి, ముడివేసిన ట్యూబులను మళ్ళీ కలిపే ఆపరేషన్ చేయించుకుని రమ్మని చెప్పడం అవుతుంది.

మలక్‌పేట అమ్మ

ఇది నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. మా అత్తగారు ఈ మధ్య మూడో బిడ్డ మాట ఎత్తుతున్నారు. ఈ పోస్టు ఆమెకు చదివి వినిపిస్తాను.

తార్నాక మాస్టారు

సిస్టర్ గారూ, నేను మేలు ఒకరికి, కీడు మరొకరికి అని మొదలుపెట్టాను. ఒకే మనిషిలో కూడా, ఈరోజు మేలూ పదేళ్ళ తరువాత కీడూ అయినప్పుడు లెక్క వేసేవారు ఆ పదేళ్ళూ ఆమెను గమనిస్తూ ఉండాలన్నది మీ మాటగా అర్థం చేసుకుంటున్నాను. కొత్త మందుకైతే అమ్మకానికి వచ్చిన తరువాత కూడా దుష్ప్రభావాలను నమోదు చేసే ఏర్పాటు ఉంది. పథకానికి అలాంటిది లేదు. రెండు సిజేరియన్లు అయిన తల్లులు ఎంతమంది ఉన్నారో ప్రభుత్వం దగ్గర లెక్క ఉంటుందా?

లేబర్‌రూం సిస్టర్

లెక్క కాగితం మీద ఉంటుంది మాస్టారూ. ప్రతి కేస్ షీటు మొదటి పేజీలోనే ఎన్నో గర్భం, ఎన్ని కాన్పులు, ముందు ఎన్ని కోతలు అని రాసే గడులు ఉన్నాయి. వాటిని నింపకుండా తల్లిని థియేటర్‌లోకి తీసుకోము. డిశ్చార్జి అయిన తరువాత ఆ షీటు రికార్డు రూంకు పోతుంది. నెలవారీ రిపోర్టులో జిల్లాకు మేము పంపేది మొత్తం కాన్పులు ఎన్ని, అందులో సిజేరియన్లు ఎన్ని అన్న రెండు అంకెలు మాత్రమే. మూడో బిడ్డకు డబ్బు ప్రకటించేవారు ముందు ఆ రికార్డు రూంకు ఒక గుమాస్తాను పంపి, ఏ మండలంలో ఎంతమందికి ఎన్ని కోతలు పడ్డాయో రాయించాలి. ఆ మండలానికి గంట ప్రయాణంలో రక్తనిధి, మత్తు డాక్టరు ఉన్న ఆసుపత్రి ఏదో పక్క గడిలో రాయించాలి. ఆ రెండో గడి ఖాళీగా మిగిలే మండలాలు ఏవో నాకు తెలుసు, అక్కడి నుంచి వచ్చిన తల్లులకు రాత్రిపూట రక్తం కోసం ఫోన్లు చేసినవారిలో నేనూ ఉన్నాను.